మా గల్లీలో జనం పెరిగారా?

సికింద్రాబాదులో ఎవర్ని కదిపినా ఒకటే పాట. "జనం పెరిగిపోయారండీ! అందుకే ఈ అపార్టుమెంట్లు!" ఇరానీ హోటల్లో ఛాయ్ తాగే పెద్దమనిషీ అదే అంటాడు, జూబ్లీ బస్ స్టేషన్లో సీటు దొరకనివాడూ అదే అంటాడు, మన కాలేజీ కారిడార్లో లెక్చరరు గారూ అదే అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

పైపైన చూస్తే లెక్కలూ అదే చెబుతాయి. 1981లో జంటనగరాలు, చుట్టుపక్కల కలిపి జనం 25 లక్షల పైచిలుకు. 1991కి 43 లక్షలు. 2011కి 77 లక్షలు దాటారు. (కొత్త ఊళ్ళను నగరం లెక్కలో కలుపుకోవడం కూడా అందులో కొంత ఉందనుకోండి.) ఈ మధ్యలోనే, 1987లో, ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. ఫ్లాటు కొన్నవాడికి గాలిలో నాలుగు గదులే కాదు, కింద నేలలో విడదీయరాని వాటా కూడా ఉంటుందని ధీమా ఇచ్చింది. ఆపైన 2006లో జి.ఓ. 86. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలి అనే పరిమితిని, అంటే ఇంజనీర్లు ఎఫ్.ఎస్.ఐ. అనేదాన్ని, మన నగరంలో ఎత్తేశారు. ఇంటిముందు రోడ్డు ఎంత వెడల్పో దాన్నిబట్టి మేడ ఎత్తు, ఎత్తునుబట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ. 2012లో వచ్చిన కొత్త నిబంధనలు కూడా ఈ పద్ధతినే ఉంచాయి. ఇంకేముంది, పెంకుటిళ్ళ కాంపౌండు గోడలు ఒక్కొక్కటే కూలడం మొదలెట్టాయి.

అయితే ఇంకో లెక్క ఉంది. దాన్ని ఎవరూ చూడరు. 1960లో సికింద్రాబాదు కార్పొరేషన్‌ను హైదరాబాదులో కలిపేశారు గనుక జిల్లా లెక్కతోనే మనం సరిపెట్టుకోవాలి. మారేడ్‌పల్లి, తిరుమలగిరి అన్నీ హైదరాబాదు జిల్లాలోవే. 2001లో ఆ జిల్లా జనాభా 38 లక్షల 29 వేలు. 2011లో 39 లక్షల 43 వేలు. పదేళ్ళలో పెరిగింది నూటికి ముగ్గురు! అదే పదేళ్ళలో పక్కనున్న నాటి రంగారెడ్డి జిల్లా 35 లక్షల పైనుంచి దాదాపు 53 లక్షలకు పోయింది. మరి మా వీధుల్లో మేడ మీద మేడ లేచింది ఎవరి కోసం?

నా మటుకు నేను మా ఇంటినే లెక్క వేసి చూశాను. తాతయ్య రైల్వేలో పనిచేసి 1962లో ఈస్ట్ మారేడ్‌పల్లిలో 500 గజాల్లో ఇల్లు కట్టారు. ముందు మేము తొమ్మిది మందిమి. వెనక బావి పక్కన మూడు పోర్షన్లు. ఒకదాంట్లో టైలరు మామ కుటుంబం, ఒకదాంట్లో రైల్వే ఖలాసీ, మూడోదాంట్లో ఇస్త్రీ బండి వాళ్ళు. అంతా కలిపి ఇరవై ముగ్గురం. పొద్దున్నే బావి గిలక కిర్రుమంటే ఎవరు లేచారో నాయనమ్మ పడుకునే చెప్పేసేది.

తాతయ్య పోయాక పెద్దనాన్న, నాన్న, బాబాయి కూర్చుని మాట్లాడుకున్నారు. ఇల్లు మూడు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు. అమ్మితే మళ్ళీ అక్కడ కొనలేరు. 2009లో డెవలప్‌మెంటుకు ఇచ్చారు. నేలంతా మాది, కట్టుబడి ఖర్చంతా బిల్డరుది. కింద కార్లకు స్తంభాల మీద ఖాళీ, పైన నాలుగంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు. సగం మాకు, సగం ఆయనకు. పూడ్చిన బావి మీద ఇప్పుడు జనరేటరు ఉంది.

ఆ ఎనిమిదిలో రెండు ఫ్లాట్లకు ఏడాది పొడుగునా తాళాలే, యజమానులు అమెరికాలో. మూడింట్లో ముసలి దంపతులు, పిల్లలు దేశం బయటో బెంగుళూరులోనో. మిగిలిన మూడింట్లో నలుగురేసి. స్తంభాల కింద ఒక్క గదిలో వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు. కూడండి. ఇరవై రెండు. తాతయ్య నాటికన్నా ఒకరు తక్కువే!

పెరిగినవి వేరే ఉన్నాయి. నాడు ఒక సైకిలు, ఒక బజాజ్ స్కూటరు. నేడు పదకొండు కార్లు. ఎనిమిది కింద పడతాయి, మూడు గల్లీలో. ఇరుకు మనుషులది కాదు, వాళ్ళ సామానుది. నీళ్ళ సంగతి సరేసరి. ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ నీళ్ళే తాగిన నగరం, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్, 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి అంటూ నూరు కిలోమీటర్ల పైబడి నీటికోసం చెయ్యి చాచింది. ఏప్రిల్ వస్తే మాకు ట్యాంకరు తప్పదు.

పోర్షన్ల వాళ్ళు ఏమయ్యారు? మావాళ్ళు మూడు నెలలు గడువిచ్చి, చేతిలో తలా ముప్ఫై వేలు పెట్టారు. చుట్టుపక్కల అంతకన్నా ఎక్కువ ఇచ్చినవాళ్ళు లేరు. కానీ ఆ అద్దెకు మారేడ్‌పల్లిలో మళ్ళీ రెండు గదులు దొరకవని ఇచ్చినవాళ్ళకీ తెలుసు, పుచ్చుకున్నవాళ్ళకీ తెలుసు. టైలరు మామ దమ్మాయిగూడ పోయాడు. దుకాణం మాత్రం మోండా మార్కెట్ దగ్గరే, ఓ మెట్ల కింద. మొన్న ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వెళ్ళాను.

"మీ ఇల్లు మంచిగ పెద్దగైంది బిడ్డా," అన్నాడు టేపు మెడలో వేసుకుంటూ. "నాకే జర బస్సు దూరమైంది. రెండు గంటలు పోను, రెండు గంటలు రాను."

2011 లెక్కల్లో రంగారెడ్డి జిల్లాలో "పెరిగిన" జనంలో ఆయనా ఒకడు. ఆయన ఎక్కే బస్సులోనే నిలబడి మనం జనం పెరిగారంటాం.

కార్ఖానా వైపు నడిస్తే కంటోన్మెంటులో పాత బంగళాలు ఇంకా కొన్ని వేపచెట్ల నీడన ఉన్నాయి. ఓల్డ్ గ్రాంట్ కింద ఉన్నవాటికి నేల సర్కారుది, పైకప్పు మాత్రమే ఉన్నవాడిది. పంచుకోవడమూ పెంచుకోవడమూ సులువు కాదు. ఆ బంగళాల అందం చూసి పాతరోజుల కోసం కన్నీళ్ళు పెట్టే మిత్రులు నాకున్నారు. నాకు రావు. వాటిలో టైలరు మామకు ఏనాడూ చోటు లేదు. నాకు పోయిందనిపించేది బంగళా కాదు, పెద్దింటి వెనక ఆ చవక పోర్షను. కొత్త మేడల ప్లానులో దానికి గది గీసినవాడు లేడు.

2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి పడి 2027కి చేరింది. లెక్కలవాళ్ళు వస్తే తాళాల ఫ్లాట్ల దగ్గర ఏం రాసుకుంటారో గానీ, కింది గదిలో నలుగురున్నారని మరవకుండా చెప్పమని మా వాచ్‌మన్‌తో అన్నాను. అతనిది నారాయణపేట దిక్కు.

"మా పేర్లు ఊళ్ళెనే రాయిస్తం సార్," అన్నాడు. "రేషను కార్డు, ఓటు అన్నీ ఆడనే ఉన్నయి. ఈడ మాకేమున్నది?"