నాయిన పాట వెతుక్కుంటూ పాత్రపూర్‌కి

నాయిన పోయి ఏడాది అయింది. ఏడాది కార్యం సొంతూళ్లోనే చెయ్యాలని మా అత్త కబురు పెట్టింది. మిల్లులో నాలుగు రోజులు సెలవు అడిగి, హౌరాలో రాత్రి బండి ఎక్కాను. చిలికా సరస్సు పక్కనుంచి బండి పోతుంటే తెల్లవారింది. హౌరా నుంచి బరంపురం సుమారు 600 కిలోమీటర్లు. మన టిటాగఢ్ లైన్లలో చాలామంది తాత ముత్తాతలు ఈ దారినే వచ్చి జూట్ మిల్లుల్లో చేరారు. తెల్లవాళ్ల కాలంలోనే గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఇలా వచ్చినవాళ్లు ఎందరో.

బరంపురంలో బస్సు మారి పాత్రపూర్ చేరేసరికి ఎండ ఎక్కింది. దూరంగా కొండలు, రోడ్డుకు ఇటూ అటూ వరిమళ్లు. ఊరు ఒడిశాలోని గంజాం జిల్లాలోనే ఉన్నా ఆంధ్ర సరిహద్దు దగ్గరే. ఇచ్ఛాపురం ఇక్కడికి పొరుగూరు లాంటిది. బోర్డులన్నీ ఒరియాలో ఉంటాయి. బేరాలు సగం తెలుగులో, సగం ఒరియాలో సాగుతాయి. ఒకే మనిషి టీ కొట్టువాడితో ఒరియాలో మాట్లాడి, ఇటు తిరిగి నాతో తెలుగులో "ఏ ఊరు బాబూ?" అని అడుగుతాడు.

నాయినకీ అంతే, రెండు భాషలూ వచ్చు. నైటు షిఫ్టు అయ్యాక నన్ను సైకిలు మీద కూచోబెట్టుకుని ఒక పాట పాడీవోడు. అది ఒరియా పాట. నాకు ఒరియా రాదు. కానీ చిన్నప్పుడు ఒక్కటి గమనించాను. పాటలో ప్రతి వరసా 'ల' అక్షరంతోనే మొదలయ్యేది. "నాయినా, నీ పాటకి లకారం తప్ప ఇంకేమీ రాదా?" అని వేళాకోళం ఆడేవాణ్ని. ఆయన నవ్వేసి "ఇది మన ఊరి పాటరా" అనీవోడు. అంతకు మించి చెప్పలేదు, నేను అడగలేదు. పోయిన తరవాత అడగడానికి మనిషి లేడు.

కార్యం అయ్యాక భోజనాల దగ్గర ఒక ముసలి మాస్టారు నా పక్కన కూచున్నారు. ఒరియా ఆయన, ఈ ఊరి బడిలోనే పనిచేసి రిటైరయ్యారు. తెలుగు చక్కగా మాట్లాడతారు. నాయిన, ఆయనా చిన్నప్పటి స్నేహితులట. మాట మధ్యలో ఆ పాట సంగతి ఎత్తాను. మాటలు రావు, వరస మాత్రం కూనిరాగం తీశాను.

"ప్రతి పాదం ఒకే అక్షరంతో మొదలవుతుందా?"

"అవునండి. 'ల'తో."

"అయితే అది చంపూ పాట బాబూ. కవిసూర్య బలదేవ రథ్‌ది."

ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. మాస్టారు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి చెప్పారు. బలదేవ రథ్ 1789లో పుట్టి 1845లో పోయారు. ఆయన రచనల్లో పెద్ద పేరున్నది కిశోర చంద్రానన చంపూ. రాధ, కృష్ణుడు, వాళ్ల మధ్య మాటలు మోసే చెలికత్తె లలిత, ఇదీ కథ. మధ్య మధ్య సంస్కృతం, పాటలేమో ఒరియాలో. మొత్తం 34 పాటలు. 'క' పాటలో ప్రతి పాదం 'క'తో మొదలవుతుంది, 'ఖ' పాటలో 'ఖ'తో, అలా 'క్ష' దాకా. ఒడిస్సీ నాట్యం చేసేవాళ్లు అభినయానికి ఇప్పటికీ ఈ పాటలు తీసుకుంటారు.

"మరి మనవాళ్లకి ఈయన పేరు తెలీదేటండి?" అన్నాను.

మాస్టారు నవ్వారు. "ఆయన జలంత్ర రాజుగారి కొలువులో ఉన్నాడు. జలంత్ర ఎక్కడుందో తెలుసా? మీ ఆంధ్రాలోనే!"

నిజమే. జలంత్రకోట శ్రీకాకుళం జిల్లాలో, కంచిలి దగ్గర ఉంది. పలాస వైపు వెళ్లే మనవాళ్లందరూ రైల్లో ఆ పక్కనుంచే పోతుంటారు. ఆ రోజుల్లో ఇదంతా మద్రాసు రాజధానిలో ఒకటే గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు జిల్లాని విడగొట్టారు. బరంపురం, పాత్రపూర్ అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, జలంత్ర ఇటు ఉండిపోయాయి. పాటలు కట్టిన ఊరు తెలుగు రాష్ట్రంలో ఉంది, పాట భాష ఒరియా. అటు పిల్లలు ఆయన్ని బళ్లో చదువుకుంటారు. ఇటు మనకి పేరు కూడా తెలీదు.

"మీవాళ్లకి తెలీకుండానే మావాళ్లని వింటారులే," అన్నారు మాస్టారు. 1956లో వచ్చిన ఇలవేల్పు సినిమాలో చందమామ పాట వినని తెలుగువాళ్లుండరు. సంగీతం సుసర్ల దక్షిణామూర్తి గారిది. అందులో మగగొంతు రఘునాథ్ పాణిగ్రాహిది. ఆయన గుణుపురం మనిషి, ఒరియా ఆయన. మద్రాసులో సినిమా పాటలు వదిలేసి, భార్య సంయుక్తా పాణిగ్రాహి నాట్యానికి పాడుతూ ఉండిపోయాడు. ఆవిడ పుట్టింది మన బరంపురంలోనే, 1944లో. మాస్టారు చెబుతుంటే నాకు సిగ్గేసింది. ఆ పాట మన లైన్లలో పెళ్లిళ్లకి మైకులో ఎన్నిసార్లు వేశామో! పాడింది మన పక్క ఊరాయన అని ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రం అత్త దగ్గర ఈ కబుర్లు చెబుతున్నాను. ఆవిడ పొయ్యి దగ్గరి నుంచే అంది: "మీ నాయిన ఆ పాట పళ్లెం కూడా తెచ్చినాడు కదరా."

"ఏ పళ్లెం అత్తా?"

చింతకాయ పచ్చడి జాడీ మీద నల్లటి మూత చూపించింది. గ్రామఫోను రికార్డు! నడిమి కన్నంలో గుడ్డపీలిక దూర్చి జాడీకి మూత చేసింది. ఎన్నో ఏళ్ల కింద నాయిన బోనసు డబ్బులతో కొని తెచ్చాడట. పక్కింట్లో తాళం తిప్పే గ్రామఫోను ఉండీదట. ఆ ఇంటివాళ్లు ఊరు వదిలి వెళ్లాక వినే దారి లేకపోయింది. "పారీడానికి మనసొప్పక మూతెట్టినాను," అంది అత్త. ఆవిడ్ని ఏమీ అనలేకపోయాను. జాడీ మీద ఉండబట్టే అది మిగిలింది. అటక మీద పెట్టిన సామానంతా చెదలు తినేసింది.

తడిగుడ్డతో తుడిచి చూశాం. చీటీ సగం చిరిగిపోయింది. పాడినవాళ్ల పేరు ఉండాల్సిన చోట పచ్చడి మరక. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని "చంపూ" అన్న మాట చదివారు. అంచున మాత్రం ఒక ఊరి పేరు కనిపించింది. డమ్‌డమ్.

మన డమ్‌డమ్! టిటాగఢ్ నుంచి లోకల్ బండిలో అయిదో స్టేషను. గ్రామఫోను కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ అక్కడ ఉండేది. దేశంలోని అన్ని భాషల పాటలూ అక్కడే అచ్చయ్యేవి. మన మిల్లుల్లో మన మనుషులు గోనెలు నేస్తుంటే, అయిదు స్టేషన్ల అవతల వేరే కార్మికులు లక్కతో ఈ పళ్లేలు ఒత్తేవాళ్లు. ఆ లక్క అడవి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టేది. అలా తయారైన పాటని నాయిన ట్రంకుపెట్టెలో బట్టల మధ్య చుట్టుకుని 600 కిలోమీటర్లు మోసుకొచ్చి పుట్టింటి పాటని పుట్టింటికి చేర్చాడు.

మర్నాడు బరంపురంలో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. రికార్డుకి ఒక బీట ఉంది. "పూర్తిగా విరగలేదు, చూద్దాం," అని తన గ్రామఫోను మీద పెట్టాడు. నిమిషానికి 78 చుట్లు. చుట్టు చుట్టుకీ బీట దగ్గర టక్కుమంటోంది. గరగర శబ్దం మధ్యనుంచి ఒక గొంతు లేచింది. 'ల'తోనే మొదలైంది. నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను. మూడు నిమిషాలకి అయిపోయింది.

రాత్రి అత్తకి వినిపించాను. రెండుసార్లు విని, "పాట అదే గానీ ఇంత తొందర పడిపోతన్నాడేటి? మీ నాయిన నెమ్మదిగా పాడీవోడు," అంది.

ఆ మాటతో నాకొక సంగతి తెలిసింది. ఆ రికార్డులో ఒక పక్కకి పట్టేది మూడు నిమిషాలే. అందుకని పాడేవాళ్లు పాటని కుదించి, వేగంగా పాడాల్సి వచ్చేది. నాయిన పాట ఈ రికార్డు విని నేర్చుకున్నది కాదన్నమాట. ఊళ్లో రాత్రిళ్లు తీరుబడిగా పాడుకునే వరస ఆయన నోట ముందే ఉంది. తెలిసిన పాట కాబట్టే రికార్డు కొన్నాడు. నెమ్మదిగా పాడిన ఆ వరస ఇప్పుడు ఎక్కడా లేదు, కొంచెం మా అత్త జ్ఞాపకంలో తప్ప. మర్నాడు అత్తని కూచోబెట్టి, సిగ్గుపడుతున్నా వదలకుండా, గుర్తున్న రెండు వరసలూ పాడించి ఫోన్లో పట్టుకున్నాను.

తిరిగొచ్చాక ఇంకో రికార్డు దొరుకుతుందేమోనని కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల దుకాణాలన్నీ తిరిగాను. చంపూ దొరకలేదు. ఒక దుకాణదారు నా కథ విని, "ఇలాంటివి అన్ని దేశాల్లోనూ ఉన్నాయి," అని గ్రీసు దేశపు స్కల్కోటాస్ అనే ఆయన సీడీ చూపించాడు. 1904లో పుట్టిన ఆ మనిషి బెర్లిన్‌లో పెద్ద గురువుల దగ్గర చదువుకుని, 1933లో ఏథెన్సుకి తిరిగొచ్చాడు. ఆయన రాసిన సంగీతాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పొట్టకూటికి ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కూచుని వయొలిన్ వాయించేవాడు. పల్లెపాటల రికార్డులు విని నొటేషన్ రాసే పని కూడా చేశాడు. ఇంటికొచ్చి తన సంగీతం రాసుకునేవాడు. హెర్నియా ముదిరి 1949లో 45 ఏళ్లకే పోయాడు. రాసినవి చాలావరకు బతికుండగా ఎవరూ వినలేదు. యాభై ఏళ్ల తరవాత స్వీడన్ కంపెనీ ఒకటి వరసగా సీడీలు వేస్తే లోకానికి తెలిసింది. కాగితాలు దాచినవాళ్లు ఉండబట్టే అది కుదిరింది.

అందుకే ఇది రాస్తున్నాను. మన ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున, సొంతూళ్లలో అటకల మీద ఇలాంటి నల్ల పళ్లేలు ఉంటాయి. పారెయ్యకండి. మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడవండి. స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లాగ నిలబెట్టండి. ఎండకి పెట్టకండి, వంగిపోతాయి. మామూలు ఎల్పీలకి వాడే ముల్లు వీటికి పనికిరాదు, 78కి వేరే ముల్లు కావాలి. రికార్డు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లున్నారు. ఒక పాట పాడించి ఫోన్లో పట్టుకోండి. ఇది ఎవరి పాట, ఏ ఊరిది అని ఒక్క మాట అడగండి. నేను ఆ ఒక్క మాటే అడగలేదు.

రికార్డు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అట్ట సంచిలో పెట్టి, పైన తెలుగులో రాశాను: కవిసూర్య బలదేవ రథ్, చంపూ, 'ల' పాట. పాడినవారి పేరుకి చోటు ఖాళీగా వదిలాను. దాన్ని తెచ్చుకోనిచ్చినందుకు అత్త ఒకటే షరతు పెట్టింది, జాడీకి స్టీలు మూత కొనిపెట్టమని. బరంపురం బజారులో కొని, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను.