నీడ కట్టుకొనే ముందు తాడు కట్టాలి

ఉదయగిరి కొండ పాదాన పుట్టి పెరిగినవారికి సముద్రం కనుచూపు మేరలో ఉండదు. దానిని చూడాలంటే కావలి దాటి తుమ్మలపెంట తీరానికి ప్రయాణం కట్టవలసిందే. వేసవి సెలవుల్లో రెండు కుటుంబాలవారము ఒక వ్యాను మాట్లాడుకొని, ఒడ్డున ఒక రాత్రి గడిపి, ఫజ్ర్ నమాజు అలల సవ్వడి మధ్య చేసి తిరిగి రావడం కొన్నేళ్లుగా మాకు అలవాటు. స్త్రీలు, పిల్లలు వ్యానులో పడుకొంటారు. పగటి ఎండకూ, రాత్రి చినుకుకూ వ్యాను పక్కనే ఒక పందిరి వేసుకొంటాము. ఈ వ్యాసం ఆ పందిరిని గురించే.

రెండేళ్ల క్రితం బజారులో నాలుగు కాళ్ల మడత పందిరి ఒకటి కొన్నాను. రెండు నిమిషాలలో విచ్చుకొంటుంది, వెల తక్కువ, రంగు బాగున్నది. ఇంతకు మించి నేను ఆలోచించలేదు. దానితో వచ్చిన జానెడు మేకులను ఇసుకలో గుచ్చి, పని అయిందనుకొన్నాను. అస్ర్ నమాజు తరువాత గాలి జోరందుకొన్నది. ఒక మేకు ఊడింది. రెప్పపాటులో పందిరి మొత్తం పైకి లేచి, దాని ఇనుప కాలు మా అమ్మ ముంజేతికి తగిలింది. ఎముక విరిగింది. కావలి ఆసుపత్రికి వెళ్లే దారిలో, ఆమెను ఓదార్చబోయి, “అంతా అల్లాహ్ చిత్తం అమ్మా” అన్నాను. ఆమె నొప్పిని పళ్ల బిగువున ఆపుకొంటూ, “అల్లాహ్ చిత్తమే బేటా. కాని తాడు నువ్వు కట్టలేదు” అన్నది.

ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలివేసి భారం వేయాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టు, ఆ తరువాత భారం వేయి అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉన్నది. ఏటా విద్యార్థులకు నేనే ఆ హదీసు బోధిస్తాను. నా అజాగ్రత్తకు విధి అనే పేరు పెట్టి తప్పించుకోజూశానని ఆ వ్యానులో కూర్చొని గ్రహించాను.

మరుసటి ఏడు అమ్మ తానే అడిగింది, సముద్రానికి ఎప్పుడు వెళదామని. ఈసారి పందిరిని ఎన్నుకొనే ముందు ఒడ్డున వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధ మత్స్యకారుని దగ్గర కూర్చొన్నాను. “సాయిబు గారూ, ఇసకలో మేకు నిలవదయ్యా. గోతం నింపి పూడ్చండి” అన్నాడాయన. ఖాళీ గోతంలో ఇసుక నింపి, నడుముకు తాడు కట్టి, మోకాటి లోతు గుంటలో అడ్డంగా పూడ్చి, పైన తొక్కి చూపించాడు. నేనూ నా తమ్ముడూ కలిసి లాగినా అది కదలలేదు.

గాలి వేగం రెట్టింపయితే దాని తాకిడి నాలుగింతలవుతుంది. కనుక పందిరి ఎంత త్వరగా విచ్చుకొంటుందన్నది కాదు, ఎంత గట్టిగా నేలను పట్టుకొంటుందన్నదే చూడవలసినది. మేము మడత పందిరిని మానుకొని, చదరపు మీటరుకు 200 గ్రాముల బరువున్న టార్పాలిన్, నాలుగు సరుగుడు రాటలు, నైలాను తాళ్లు తీసుకొన్నాము. సరుగుడు మన తీరంలోనే పెరుగుతుంది, ఉప్పుగాలికి తుప్పు పట్టదు. టార్పాలిన్ కొనేటప్పుడు అంచు మడిచి కుట్టారా, తాడు దూర్చే రింగులు దగ్గర దగ్గరగా ఉన్నాయా అని తప్పక చూడండి. చినుగుడు మొదలయ్యేది అక్కడే.

రెండవది వాలు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గుడ్డపై ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే అది సుమారు 93 లీటర్లు, అంటే రెండు యూరియా బస్తాలకు మించిన బరువు. పైకప్పు బల్లపరుపుగా ఉంటే వాన చినుకే దానిని కూల్చివేస్తుంది. ఒక పక్క ఎత్తుగా, మరో పక్క రెండడుగులు తక్కువగా కట్టాలి.

మూడవది దిశ. వేసవి మధ్యాహ్నం గాలి సముద్రం నుండి వీస్తుంది. సాయంత్రపు ఉరుముల వాన మాత్రం తరచూ పడమటి నుండి హఠాత్తుగా వస్తుంది. అందుచేత వ్యానును పడమటి దిక్కున గోడవలె నిలిపి, పందిరి ఎత్తు అంచును దాని పైనున్న ఇనుప క్యారియరుకు కట్టి, తక్కువ అంచును సముద్రం వైపుకు దించాము. తలుపులకూ అద్దాలకూ తాడు కట్టరాదు. పందిరిని అన్ని వైపులా మూసి లోపల పొయ్యి వెలిగించరాదు, ఆ పొగ ప్రాణాంతకం. ఉరుము వినబడితే పందిరి వదిలి అందరూ వ్యానులోకి వెళ్లి తలుపులు మూసుకోవాలి.

రాత్రివేళ బాటపై బస చేయవద్దని, అది జంతువులూ విషప్రాణులూ తిరిగే చోటని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇప్పుడు మన బాటలపై లారీలు కూడా తిరుగుతాయి. అందుకే దారి విడిచి, అలల గుర్తుకు చాలా ఎగువన బస చేశాము.

ఎంత గట్టి పందిరికైనా ఒక హద్దున్నది. నెల్లూరు తీరానికి అసలు వానకాలం అక్టోబరు నుండి డిసెంబరు వరకు. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన పెనుతుపాను నా విద్యార్థి దశ నాటిది. పక్కా ఇళ్ల కప్పులే నిలువని గాలికి గుడ్డ ఏపాటిది? ఆ మాసాలలో ఒడ్డున బస వద్దు. ఏ మాసంలోనైనా వాతావరణ హెచ్చరిక వినబడితే ప్రయాణం మానుకోవడమే వివేకం.

ఆ రాత్రి ఇషా తరువాత పడమట మెరిసింది. అందరమూ వ్యానులో చేరాము. గాలి అరగంట వీచింది, వాన కురిసింది. తెల్లవారుజామున దిగి చూస్తే పందిరి నిలిచే ఉన్నది, దాని కింద ఇసుక పొడిగా ఉన్నది. అమ్మ అక్కడే చాప పరచుకొని ఫజ్ర్ నమాజు చేసింది. సలాము చెప్పిన తరువాత, ఒకప్పుడు విరిగిన ఆ చేతితోనే, ఇసుకలోకి దిగిన తాడును ఒకసారి పట్టి లాగి చూసింది. నా వైపు తిరిగి నవ్వింది.

నీడనూ, ప్రయాణంలో మోసుకుపోగల తేలికైన గుడారాలనూ తన అనుగ్రహాలుగా అల్లాహ్ ‘నహ్ల్’ సూరా 80, 81 ఆయతులలో గుర్తుచేశాడు. అనుగ్రహానికి కృతజ్ఞత నోటితో చెబితే సగమే తీరుతుంది. మిగతా సగం, మనలను నమ్మి ఆ నీడలో కూర్చొన్నవారి కోసం తాడు సరిగా కట్టడంలో ఉన్నది. ఆ బాధ్యతను గుర్తుంచుకొనే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.