చివరివరకు వినుట

ప్రియ చదువరీ, ఒక సంఘకాపరి అమెరికా దేశపు బ్లూస్, రాక్ పాటలు వినుచున్నాడని తెలిసినయెడల నీవేమనుకొందువు? మా సంఘపెద్ద యొకరు నన్ను నేరుగానే అడిగిరి: “అయ్యగారూ, ఆ పాటలతో మీకేమి పని?” ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను వారికిచ్చిన ఉత్తరమును నీకును చెప్పుదును.

రెండు సంవత్సరములుగా వారమునకొక ఆల్బము చొప్పున జానపదము, బ్లూస్, కంట్రీ, రాక్ అను నాలుగు తెగల పాటలను వినుచున్నాను. నియమమొక్కటే: మొదటి పాట మొదలుకొని చివరి పాటవరకు దేనిని దాటవేయకూడదు. లేఖనములలో మనకిష్టమైన వచనములనే ఏరుకొనునట్లు పాటలను ఏరుకొనుటయు సులభమే. మొత్తము వినువానికి మాత్రము తాను కోరనిదియు ఎదురగును.

ఆలాగు వినగా, ఆ పాటలలో అనేకములు దేవుని మందిరమునకు చుట్టములేయని తెలిసినది. కార్టర్ కుటుంబము 1935లో రికార్డు చేసిన తల్లి భూస్థాపన పాట 1907 నాటి యొక క్రైస్తవ కీర్తననుండి వచ్చినదే. రాబర్ట్ విల్కిన్స్ అను బ్లూస్ గాయకుడు 1929లో పాడిన పాటను, తరువాత తాను బోధకుడై, తప్పిపోయిన కుమారుని కథగా మార్చెను. 1968లో రోలింగ్ స్టోన్స్ అను రాక్ బృందమువారు దానిని తమ ఆల్బములో పాడిరి. అదే సంవత్సరము జనవరి 13న జానీ క్యాష్ ఫోల్సమ్ చెరసాలలో ఖైదీలయెదుట పాడెను. అచ్చటి ప్రార్థనాలయమునుగూర్చి గ్లెన్ షెర్లీ అను ఖైదీ వ్రాసిన పాటతో ఆ ఆల్బము ముగియును. మన పురుషోత్తమ చౌదరిగారును 19వ శతాబ్దమున ఈ దేశపు రాగతాళములలోనే క్రీస్తును కీర్తించిరి గదా!

అన్నియు మంచివని నేననను. త్రాగుడును వ్యభిచారమును పొగడు పాటలును కలవు, వాటిని మెచ్చను.

నా హృదయమును గట్టిగా పట్టుకొనినది మాటలు లేని పాట యొకటి. టెక్సస్ వాడైన అంధ గాయకుడు విల్లీ జాన్సన్ దానిని 1927 డిసెంబరు 3న రికార్డు చేసెను. దాని పేరు గెత్సేమనే రాత్రినిగూర్చిన పాత కీర్తననుండి తీసికొనినది. గిటారు మూల్గును, దానితోకూడ ఆయన గొంతు మూల్గును, అంతే. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలలో పంపిన బంగారు పూత రికార్డులో దీనినిగూడ చేర్చిరి.

సోమవారములలో నేను ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, కోచింగ్ విద్యార్థుల హాస్టళ్లకు వెళ్లుదును. తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన బిడ్డలు వారిలో అనేకులు. పోటీపరీక్షలో మూడవసారి తప్పిన యొక యౌవనుడు ఆరాధనకు వచ్చుట మానెను. టీకొట్టువద్ద నాతో, “అయ్యగారూ, చర్చిలో అందరూ చప్పట్లు కొట్టి పాడతారు. నాకు నోరు రాదు. నాన్నకు ఫోన్ చేయాలంటేనే భయంగా ఉంది” అనెను.

నేను ప్రసంగము చేయలేదు. 88వ కీర్తన చదివించితిని. అది చీకటితోనే ముగియును. చివర స్తుతి లేదు. అయినను అది దేవునితోనే పలికిన మాట. దానిని గ్రంథమునుండి ఎవరును తీసివేయలేదు. పిమ్మట నా ఫోనులో జాన్సన్ పాట వినిపించితిని. అతడు తలవంచుకొని విని, “మళ్ళీ పెట్టండి” అనెను. రెండవసారి అది ముగియకమునుపే ఏడ్చెను. ఆ సాయంకాలము నా ప్రక్కనే కూర్చుండి తండ్రికి ఫోను చేసెను. తరువాత పరీక్ష నెగ్గెనని చెప్పి నిన్ను సంతోషపెట్టలేను. అతడిప్పుడు ఊరిలో తండ్రితోకూడ పొలము పని చేయుచున్నాడు. అప్పుడప్పుడు నాకు ఫోను చేయును.

కావున చదువరీ, నీవు బ్లూస్ వినవలెనని నేను చెప్పుటలేదు. నీ యింటిలోనో, మందిరములో నీ ప్రక్కనో, పాడలేక కూర్చున్నవారు ఉండవచ్చును. వారు నోరు తెరచినప్పుడు, “అంతా మేలే జరుగునులే” అని నడుమ త్రుంచకుము. దుఃఖపు పాటకును చివరి చరణమున్నది. అంతవరకు వినుటకు ప్రభువు మనకు ఓర్పుగల చెవులను దయచేయును గాక.