ఒక్క చుక్క

మసాలా దినుసులలో రాతిపువ్వు అనునది యొకటి కలదు. పేరునకు పువ్వే గాని అది పువ్వు కాదు. దానికి వేరు లేదు, ఆకు లేదు, గింజ లేదు. అట్టివానిని శాస్త్రజ్ఞులు లైకెన్లు అందురు. చెట్ల బెరడులపైనను, బండలపైనను, పైరు పండని నిస్సారపు నేలలపైనను అవి ఓపికతో జీవించును.

ఇంగ్లండు తూర్పుభాగమున బ్రెక్‌లాండ్ అను ఇసుకనేలల ప్రాంతము కలదు. అచ్చట వాన తక్కువ. పొట్టి గడ్డిదుబ్బుల నడుమ వ్రేలెడు ఎత్తు మించని లైకెన్లు గుంపులుగా పెరుగును. వానిలో క్లడోనియా రాంజిఫార్మిస్, క్లడోనియా ఫర్‌కాటా అనునవి అన్నదమ్ములవలె ఒకే పోలికతో నుండును. రెండింటి కొమ్మలును జింకకొమ్ములవలె చీలియుండును. కొత్తవాడు రెంటిని ఒకే సంచిలో వేసికొనును.

నిదానించి చూచినచో భేదము లేకపోలేదు. మొదటిదాని కొమ్మలపై తెల్లని పూతమీద పచ్చని మచ్చలు చెదరియుండును. రెండవది తరచుగా నునుపై, ఎండ తగిలినచోట గోధుమవన్నె దాల్చును. మొదటిదానికి సున్నముగల నేల ఎక్కువ ప్రీతి. అయినను నీడను బట్టియు, ఎండను బట్టియు రూపు మారుటచే కన్ను మోసపోవుట కలదు.

కంసాలి బంగారమును కంటితో నమ్మడు, గీటురాయి నడుగును. లైకెన్లకు అట్టి గీటురాయిని చూపినవాడు ఫిన్లాండు దేశీయుడైన విలియం నైలాండర్. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణము ఒక చుక్క వేసి రంగు చూడుమని ఆయన 1866లో తెలిపెను. ఆ చుక్క పడగానే మొదటి లైకెన్ పసుపువన్నె నందును. అందలి అట్రనోరిన్ అను పదార్థమే దానికి కారణము. రెండవదానిపై సాధారణముగా ఆ పసుపు కనబడదు. ఆ ద్రావణము చర్మమును దహించునది గాన ఉపాధ్యాయుని సమక్షముననే వాడవలెను.

ఇంత శ్రమ ఎందుకని కొందరడుగవచ్చును. 1953లో బ్రిటనునకు వచ్చిన మిక్సొమటోసిస్ అను తెగులుచే కుందేళ్లు విస్తారముగా చచ్చినవి. మేయునవి లేక గడ్డి ఏపుగా పెరిగి, చిన్న లైకెన్లను కప్పివేసినది. ఏది తగ్గినదో, దేనిని కాపాడవలెనో తెలియుటకు ముందు ఏది ఏదియో తెలియవలెను గదా!

నైలాండర్ కథ ఇంతటితో ముగియలేదు. 1867లో స్విట్జర్లాండునకు చెందిన సైమన్ ష్వెండెనర్, లైకెన్ ఒక్క జీవి కాదనియు, శిలీంధ్రమును శైవలమును కలిసి చేయు కాపురమనియు చెప్పెను. శిలీంధ్రము ఇల్లు కట్టును. శైవలము సూర్యకాంతితో ఆహారము వండును. నైలాండర్ ఈ మాట నంగీకరింపలేదు. 1899లో పారిస్ నగరమున కన్నుమూయువరకు ఆ పట్టు విడువలేదు. ఒకటిగా కనబడు రెంటిని వేరుచేసి చూపినవాడే, ఒకదానిలో రెండున్నవన్న సత్యమును చూడనొల్లడయ్యెను.

2016లో పరిశోధకులు కొన్ని లైకెన్లలో మూడవ భాగస్వామిగా ఈస్టు కూడ ఉన్నదని ప్రకటించిరి. నైలాండర్ చూపిన చుక్క నేటికిని పనిచేయుచున్నది. ఆయన మొండిపట్టు మాత్రము నిలువలేదు. ఇతరమును పరీక్షించువాడు తన నమ్మకమును గూడ అదే గీటురాయిపై గీచి చూచుకొనవలెను.