పటాలమునకు పోవు పిల్ల ఏమి చదువవలెను?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పిల్లలు ఏమి చదువవలెనన్న ప్రశ్న వారు హైస్కూలులో అడుగిడకమునుపే పుట్టి, పెండ్లి పందిళ్ళలోను, గుడి ప్రాంగణములలోను, సత్యనారాయణవ్రతము ముగిసి విస్తళ్ళు వేసిన వేళలందును తెగక సాగుచుండును. దానికి సమాధానము సైతము ముందే సిద్ధమై యుండును: కంప్యూటరు శాస్త్రము, కాదన్నచో వైద్యము, ఆ రెండును కుదరనినాడు ఇంజనీరింగులో మరియొక శాఖ. చదువొక్కటే ఆధారముగా సముద్రములు దాటి వచ్చిన తరమునకు విద్య యనగా బ్రతుకుతెరువే యగుట సహజము, గౌరవింపదగినది. అయితే డాలస్ శివార్లలోని ప్లేనోలో పుట్టి పెరిగిన మా అక్క కూతురు తాను సైన్యాధికారిణి కాదలచితినని తల్లిదండ్రులకు తెలిపి, విద్యార్థివేతనము సంపాదించుకొని వచ్చిన నాటినుండి ఆ సమాధానము మా యింట పనికిరాకపోయెను; ఏలయన ఆ పిల్లకు కొలువు ముందే కుదిరినది, చదువు మాత్రము ఇంకను తేలలేదు.

ఈ దేశమున సైన్యాధికారులు కాగోరువారిలో కొందరు 1802లో స్థాపితమైన వెస్ట్ పాయింట్ వంటి సైనికవిద్యాలయములకు పోవుదురు. కొందరు పట్టా పుచ్చుకొన్న పిమ్మట ప్రత్యేకశిక్షణ పొందుదురు. భూసైన్యమున అధికులు నడచు బాట వేరొకటి. సామాన్య విశ్వవిద్యాలయమున తక్కిన విద్యార్థుల నడుమనే చదువుచు, తెల్లవారకముందే లేచి వ్యాయామము చేసి, వారమున కొన్ని గంటలు సైనికశాస్త్ర పాఠములు విని, ఒక పూట మైదానమున అభ్యాసము చేసి, మూడవయేటి చదువు ముగిసిన వేసవిలో కెంటకీ రాష్ట్రమందలి ఫోర్ట్ నాక్స్ శిబిరమున నెలకు పైగా పరీక్షింపబడి, పట్టా చేతికి వచ్చునాటికి సెకండ్ లెఫ్టినెంటుగా ప్రమాణము చేయుదురు. 1916నాటి చట్టముతో ఏర్పడిన ఈ పద్ధతిని ఆర్.ఓ.టి.సి. యందురు. విద్యార్థివేతనము పొందినవారికి కళాశాల రుసుము ప్రభుత్వమే చెల్లించును, నెలనెల కొంత భృతియు ముట్టును. అందుకు ప్రతిగా మొత్తము 8 ఏండ్ల సేవను, కొంత పూర్తికాలపు కొలువుగను, కొంత రిజర్వులోను, తీర్పవలసి యుండును. మొదటి యేడు గడచువరకు మానుకొని పోవుటకు వెసులుబాటు కలదు; రెండవయేడు ప్రారంభమైన దినమునుండి అది లేదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆ ఒక్క యేటిలోపల, తన చదువును తన కొలువును ఒకదాని కొకటి ఎట్లు అమరునో పిల్ల తేల్చుకొనవలెను.

సైన్యమునకు పోవువాడు ఏ శాస్త్రము చదివిననేమి, తుపాకి పట్టుట నేర్చిన చాలదా యని మనవారిలో పెద్దలు కొందరు అడుగుదురు. అమెరికా చట్టము అట్లు తలపలేదు. 1862లో, అంతర్యుద్ధము దేశమును దహించుచున్న కాలమున, అధ్యక్షుడు లింకన్ సంతకము చేసిన మోరిల్ చట్టము కేంద్రప్రభుత్వపు భూములను రాష్ట్రముల పరముచేసి, వానిని విక్రయించిన ధనముతో వ్యవసాయమును యంత్రవిద్యలను బోధించు కళాశాలలు నెలకొల్పుమన్నది; ఆ విద్యలతోపాటు యుద్ధతంత్రమును నేర్పుమన్నది; తక్కిన శాస్త్రములను, ప్రాచీన భాషాసాహిత్యములను వెలివేయరాదనియు అందే విధించినది. 1876లో తలుపులు తెరచిన మా టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము ఆ చట్టపు సంతానమే. అచ్చట 1965 వరకు సైనికశిక్షణ విద్యార్థులకు విధాయకము. నేడది ఐచ్ఛికమైనను, నాలుగవయేటి క్యాడెట్లు మోకాళ్ళవరకు వచ్చు గోధుమరంగు తోలుబూట్లు తొడిగి టకటక నడచిపోవుచుండగా, ఆ ప్రక్కనే సంచులు మోయుచు పోవు రసాయనశాస్త్ర విద్యార్థియు, సాహిత్య విద్యార్థినియు, వారందరును మరునాడు ఒకే తరగతిగదిలో కూర్చుండుటయు నేను చూచితిని. అధికారి ప్రజలనుండి వేరుపడక, ప్రజల నడుమ, ప్రజల చదువే చదివి ఎదుగవలెనన్న భావము ఇందు కలదు. ఈ దేశపు వ్యవస్థలలో నేను మనసార మెచ్చుకొనువానిలో ఇది యొకటి.

ఇక మా పిల్ల సంగతి. ఆర్.ఓ.టి.సి. విద్యార్థి నింపవలసిన పట్టిక యొకటి కలదు: నాలుగేండ్లలో ఏ సెమిస్టరున ఏ పాఠము చదువబోవునో, ప్రతి పాఠమునకు ఎన్ని క్రెడిట్లో, పట్టాకు అవసరమైనవి ఎన్ని మిగిలినవో వరుసగా వ్రాసి, కళాశాల సలహాదారుచే సంతకము చేయించి, సైనికశాస్త్ర విభాగమున అప్పగింపవలెను. ఒక ఆదివారము ఆమె భోజనాల బల్లపై పప్పుగిన్నెను ఊరగాయ జాడీని ఒక ప్రక్కకు జరిపి, అట్టి కాగితములు రెండు పరచినది. మొదటిది మెకానికల్ ఇంజనీరింగు, రెండవది భూగోళశాస్త్రము. మొదటి కాగితమున గళ్ళు క్రిక్కిరిసి యుండెను. రెండవయేటి వసంతపు గడిలో ప్రయోగశాల పాఠమును వ్రాసి, అది సైనికాభ్యాసపు పూటతో ఢీకొనుటచే కొట్టివేసి, మూడవయేటికి దింపి, అచ్చట దానికి ముందుగ చదువవలసిన పాఠము లేకపోవుటచే మరల రబ్బరుతో తుడిచివేయగా, ఆ గడి కాగితము నలిగి పలుచబడి వెనుకనున్న బల్ల రంగు కనబడుచుండెను. రెండవ కాగితము శుభ్రముగ ఉండెను. ఇంకను రెండు మూడు ఖాళీలు మిగిలియుండెను. వానిలో ఆమె పెన్సిలుతో, నీటివనరులు, నదీగర్భముల స్వరూపము, ఉపగ్రహచిత్రములను చదువు విద్య అని తనకై కోరుకొన్న పాఠముల పేర్లు వ్రాసికొన్నది. “మావయ్యా, ఈ రెండోది రాస్తున్నప్పుడు నాకు టైమే తెలియలేదు,” అన్నది.

మా అక్క వంటయింటి గడపలో నిలుచుండి అంతయు వినుచుండెను. “సైన్యంలోంచి బయటికొచ్చాక ఏం చేస్తుందిరా? మ్యాపులు గీసుకుంటూ కూర్చుంటుందా? ఫీజు వాళ్ళే కడుతున్నప్పుడు ఆ కంప్యూటర్లేవో చదివితే ఏం పోయింది?” అని అడిగినది. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. సైన్యమున జీవితాంతము ఉండువారు కొందరే. బాధ్యత తీరిన పిమ్మట ముప్పదేండ్లయిన నిండకుండ వెలుపలికి వచ్చువారు పెక్కుమంది. వారికి అప్పుడు పట్టా చూపవలసిన అవసరము కలుగక మానదు. ఐనను నా సమాధానము నాకు స్పష్టముగనే తోచెను, ఇప్పటికిని అదియే. భూసైన్యము తన విద్యను తానే నేర్పుకొనును. ఫిరంగిదళమునకు పోవు లెఫ్టినెంటును ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌కును, వైద్యసేవాదళమునకు పోవువానిని మా టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియోకును పంపి, ఆయా దళముల పనిని మొదటినుండి బోధించును. నర్సింగు దళమునకు నర్సింగు పట్టాయే కావలెననుట వంటి నియమములు కొన్ని కలవు గాని, తక్కిన దళములలో పెక్కింటికి చరిత్ర చదివినవాడును, జీవశాస్త్రము చదివినవాడును సమానముగ పోవచ్చును. ఏ దళము దక్కుననుటలో అభ్యర్థి కోరికతోపాటు మార్కుల సగటును, శిబిరమున చూపిన ప్రతిభను, దేహదార్ఢ్యమును లెక్కించెదరు. కావున మనసు లేని శాస్త్రములో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన విద్యార్థి, కోరిన దళమును తానే దూరము చేసికొన్నట్లగును.

ఇంతకన్న ముఖ్యమైన మాట యొకటి అక్కతో చెప్పితిని. మనము చదువును ఎంచుకొనునప్పుడెల్ల వెనుకనుండి భయము తరుముచుండును: ఉద్యోగము రాదేమో, వీసా నిలువదేమో, అప్పు తీరదేమో. ఈ పిల్లకు ఆ మూడు భయములును లేవు. పట్టా పుచ్చుకొనునాటికే జీతపు కొలువు సిద్ధముగ నుండును. రుసుముల ఋణము లేదు. పుట్టుకచేతనే పౌరసత్వము కలదు. మన వంశములో మొట్టమొదటిసారిగ ఒక బిడ్డకు, కూటికొరకు కాక తెలివికొరకే చదువుకొను భాగ్యము అబ్బినది. దానిని మన పాత భయములకు ఒప్పగించుట న్యాయము కాదు. ఇరువది రెండేండ్లు నిండునాటికి ఆమె ముప్పది నలువదిమంది సైనికుల బాగోగులకు జవాబుదారి కాబోవుచున్నది. వారిలో తన తండ్రి యీడు సార్జెంటును ఉండవచ్చును. వారి ముందు నిలిచి స్పష్టముగ ఆలోచించి, స్పష్టముగ మాటాడి, చక్కగ వ్రాయగల శక్తి, ఏదేని ఒక శాస్త్రమును ప్రేమించి దాని లోతు చూచిన మనసుకే అబ్బునని నా నమ్మకము.

కాలిన్ పవెల్ జీవితమును అక్కకు గుర్తుచేసితిని. జమైకానుండి వలసవచ్చిన తల్లిదండ్రుల బిడ్డయైన ఆయన, రాబడి గల చదువని తల్లి కోరగా 1954లో న్యూయార్క్ సిటీ కాలేజీలో ఇంజనీరింగున చేరి, అది మనసునకు పట్టక భూగర్భశాస్త్రమునకు మారెను. 1958లో ఆ పట్టాతోనే, ఆర్.ఓ.టి.సి. ద్వారమున సెకండ్ లెఫ్టినెంటయ్యెను. 1989లో సంయుక్త సేనాధిపతుల మండలికి అధ్యక్షుడై, 2001లో విదేశాంగమంత్రి యయ్యెను. వలసవచ్చిన ఇంటి తల్లి మనసు ఎక్కడనైనను ఒక్కటేనని అక్క నవ్వినది. నవ్వి, కాగితములను మరల చేతిలోనికి తీసికొన్నది.

ఈ మాటలు వ్రాయుచుండగా మా వీధిలోని ఒక కుఱ్ఱవాడు కన్నులయెదుట మెదలుచున్నాడు. రెండేండ్ల ప్రాయమున విజయవాడనుండి తల్లి చంకనెక్కి వచ్చిన ఆ పిల్లవాడు మా మేనకోడలితో సమానముగ పరుగెత్తగలడు, ఆమెకన్న మిన్నగ గుఱి చూడగలడు. సైనికశాస్త్రపు మొదటి పాఠములకు పోయి కూర్చుండుటకు వానికి అభ్యంతరము లేదు. ఒప్పందముపై సంతకము చేయుటకు మాత్రము పౌరసత్వము కావలెను, వాని తండ్రి గ్రీన్‌కార్డు వరుస ఎన్నడు కదలునో తెలియదు, ఇరువది యొకటి నిండినచో తల్లిదండ్రులనంటి వచ్చిన వాని వీసాయే చెల్లిపోవును. భారతదేశమున పుట్టినవారికి ఆ వరుస ఎంత పొడవో మనవారికి చెప్పనక్కరలేదు. ఈ దేశమునకై ప్రాణమొడ్డ సిద్ధపడిన బిడ్డను వాకిట నిలిపి యుంచు చట్టము మార్చదగినదని నేను గట్టిగ నమ్ముచున్నాను. ఆ పిల్లవాడు ఇప్పుడు కంప్యూటరు శాస్త్రము చదువుచున్నాడు. వానికి ఎంచుకొను స్వేచ్ఛ ఉండినచో ఏమి చదివియుండునో అడుగుటకు నాకు నోరు రాలేదు.

మా మేనకోడలు భూగోళశాస్త్రమునే వ్రాసి ఇచ్చినది. సలహాదారు సంతకమైనది, సైనికశాస్త్ర విభాగము అంగీకరించినది; విద్యార్థివేతనము పొందినవారు తరువాత విషయము మార్చుకొనదలచినచో మరల అనుమతి కోరవలెను గనుక, నిర్ణయము నిలుకడగ జరుగుట మేలయ్యెను. కాని ఆమె మార్గమును చూచి, ఇపుడు హైస్కూలులో పదునొకండవ తరగతి చదువుచున్న తమ్ముడు తాను నౌకాదళమునకు పోవుదుననియు, అక్కవలెనే మనసుకు నచ్చిన చరిత్రను చదువుకొందుననియు నాకడకు వచ్చెను. వానికి నేను వేరు మాట చెప్పవలసి వచ్చెను. నౌకాదళము తన విద్యార్థివేతనములకు చదువులను మూడు తరగతులుగ విభజించి, ఇంజనీరింగునకు మొదటి స్థానమును, గణితభౌతికాది శాస్త్రములకు రెండవదానిని ఇచ్చి, తక్కిన విషయములన్నింటిని మూడవదానిలో ఉంచి, అందు కొద్దిమందినే తీసికొనును. మూడవ తరగతివాడైనను కాల్క్యులస్, కాల్క్యులస్ ఆధారమైన భౌతికశాస్త్రము చదివి తీరవలెను. అణుశక్తిచే నడచు జలాంతర్గాములలో పనిచేయదలచిన ప్రతి అభ్యర్థిని, నౌకాదళపు అణువిభాగమునకు తొలి అధిపతియైన అడ్మిరల్ రికోవర్ కాలమునుండి నేటివరకు, ఆ విభాగాధిపతి స్వయముగ ప్రశ్నించు ఆచారమును కలదు. మన దేశమునను ఇంచుమించు ఇదే భేదము: డెహ్రాడూన్ సైనికవిద్యాలయమునకు ఏ పట్టాయైనను చెల్లును, ఎళిమలలోని నౌకావిద్యాలయమునకు ఇంజనీరింగు కావలెను, హైదరాబాదు ప్రక్కనున్న దుండిగల్‌లో విమానము నడపదలచినవాడు ఇంటర్మీడియట్‌లో గణితమును భౌతికశాస్త్రమును చదివియుండవలెను, లేదా ఇంజనీరింగు పట్టా కలిగియుండవలెను. ఓడలోని యంత్రమునకు మన అభిరుచితో పని లేదు. “చరిత్ర మీద ఇష్టముంటే తప్పక చదువు నాయనా, కాని మూడో వరుసలో నిలబడుతున్నానని తెలిసి నిలబడు; ముందు లెక్కలు నీకు పట్టుబడతాయో లేదో చూద్దాం,” అని చెప్పి, ఈ వేసవికి కమ్యూనిటీ కాలేజీలో కాల్క్యులస్ తరగతికి వాని పేరు వ్రాయించితిని. సాయంకాలములు భౌతికశాస్త్రము నేను చెప్పుదునని మాట ఇచ్చితిని. పుస్తకము తెప్పించినాము, వచ్చే సోమవారము మొదలు పెట్టెదము.