గడువు దాటిన తరువాత బరువు

బరువు తగ్గాలన్న పట్టుదల చాలామందిలో ఏదో ఒక తేదీని నమ్ముకుని పుడుతుంది. పెండ్లి ముహూర్తం కావచ్చు, ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష కావచ్చు, ఇంట్లో శుభకార్యం కావచ్చు. ఆ రోజు కోసం నెలల తరబడి నోరు కట్టుకున్న మనిషి, అది దాటిన వారానికే మళ్లీ ఎప్పటిలా తినడం మొదలుపెడతాడు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. ఆ మాట విని విని తానూ అదే నమ్ముతాడు. తేదీ కోసం పుట్టిన పట్టుదల తేదీతోపాటే తీరిపోవడంలో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, ఆ పాత ఊపే మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూడటం.

మెదక్ జిల్లాలో రేగోడ్ లాంటి మండల కేంద్రాల్లో ఇలాంటి పట్టుదల బాగా కనిపించేది పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డప్పుడు. తెలంగాణలో 2022లో వెలువడిన కానిస్టేబుల్, ఎస్సై నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్లు పరుగు పెట్టారు. వాటితోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. అభ్యర్థుల మాటల్లో ఇవన్నీ కలిపి ‘ఈవెంట్స్’. ఈవెంట్స్ దగ్గర పడితే తెల్లవారకముందే బడి గ్రౌండ్లు నిండుతాయి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒకడు గట్టు మీద నిలబడతాడు, మిగతావాళ్లు మట్టిలో రౌండ్లు కొడతారు. రాత్రి అన్నం తగ్గిస్తారు, పొద్దున నానబెట్టిన శనగలు తింటారు, హోటల్ బజ్జీల వైపు చూడరు. ఒంటి కొవ్వు కరిగి మనిషి పలచబడతాడు. ఈవెంట్స్ అయిపోయిన మర్నాటి నుంచి గ్రౌండ్ ఖాళీ. ఉద్యోగం రానివాళ్ల పరుగు నిరాశతో ఆగిపోతుంది. వచ్చినవాళ్లది శిక్షణ ముగిసేదాకా సాగి, స్టేషన్ డ్యూటీ, రాత్రి బందోబస్తు, వేళాపాళా లేని భోజనం మొదలయ్యాక నిలిచిపోతుంది.

పెండ్లి సంగతీ దాదాపు ఇంతే. ముహూర్తానికి ముందు అమ్మాయి పూటకో రొట్టె తిని సన్నబడుతుంది. తరువాతి నెలల్లో చుట్టాలు కొత్త జంటను వరసగా భోజనాలకు పిలుస్తారు. బగారా అన్నం, మటన్ కూర వద్దంటే ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు.

మనసుతోపాటు ఒళ్లు కూడా ఈ సమయంలో అడ్డం తిరుగుతుందని పరిశోధనలు చూపించాయి. మెల్‌బోర్న్‌లో జోసెఫ్ ప్రొయెట్టో బృందం 50 మంది లావుపాటి మనుషులకు పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, 2011లో ఫలితాలు ప్రకటించింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరిగింది, కడుపు నిండిన కబురు మెదడుకు చేర్చే లెప్టిన్ తగ్గింది. ఏడాది తరువాత చూసినా ఆ మార్పులు పూర్తిగా సర్దుకోలేదు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తరువాత మళ్లీ పరీక్షించింది. ఒక్కరు తప్ప అందరూ కొంతో గొప్పో మళ్లీ బరువెక్కారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి, ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. గబగబా తగ్గినవాళ్లు తరువాత ఆకలికి ఓడిపోతే అది గుణలోపం అనడం అన్యాయం. ఈ సంగతి తెలిసిన మనిషి తనను తాను తిట్టుకోవడం మానుతాడు. మళ్లీ మొదలుపెట్టడానికి అది చాలా అవసరం.

అన్ని మలుపుల్లోకీ కాన్పు వేరు. తొలి కాన్పుకు అమ్మాయి తల్లిగారింటికి వస్తుంది. పురుడైన నాటి నుంచి కారప్పొడి, వెల్లుల్లి, నెయ్యి, వేడి అన్నం. “తిను బిడ్డా, పాలు పడాలె” అని తల్లి పక్కన కూర్చుని ఇంకో ముద్ద పెడుతుంది. తల్లి మాటలో సత్యం ఉంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, తరువాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలి. 2015 జనవరిలో తెలంగాణ మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నది ఈ అవసరం కోసమే. ఆ రోజుల్లో బరువు తగ్గాలని పస్తులుండటం తల్లికీ బిడ్డకూ చేటు.

చిక్కు ఆ తరువాత వస్తుంది. బిడ్డ పాలు మాని అన్నానికి అలవాటు పడతాడు. తల్లికి కావలసిన అదనపు శక్తి తగ్గిపోతుంది, తినే కొలత మాత్రం బాలింత కొలతగానే ఉండిపోతుంది. దానికి తోడు బిడ్డ వదిలేసిన పెరుగన్నం పారేయడానికి చేయి రాక తల్లే తినేస్తుంది. రోజుకు మూడు నాలుగు సార్లు, ఏ లెక్కలోకీ రాకుండా. రాత్రి నిద్ర సగమే. నిద్ర చాలనివాళ్లకు ఆకలి ఎక్కువ. రెండో కాన్పు నాటికి ఈ బరువు మీద ఇంకొంత చేరుతుంది.

ఇలాంటి తల్లులకు అందరూ చూపించే ఉదాహరణ టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాక ఆమె 89 కిలోల నుంచి 63 కిలోలకు వచ్చింది. అందుకు నాలుగు నెలలు పట్టిందని తానే చెప్పింది. 2020 జనవరిలో హోబర్ట్‌లో నాదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచింది. గొప్ప విజయమే. కానీ ఆమెకు తిరిగి వెళ్లాల్సిన కోర్టు ఉంది, చిన్ననాటి నుంచి కసరత్తుకు అలవాటుపడ్డ ఒళ్లు ఉంది. పత్తి చేనుకు పోయే తల్లి, మిషన్ కుట్టే తల్లి ఆ నాలుగు నెలల లెక్కతో తనను పోల్చుకుంటే నీరసమే మిగులుతుంది. ఆమె నుంచి తీసుకోదగ్గది మరొకటి ఉంది. దూరపు లక్ష్యంతోపాటు ఏ రోజు లక్ష్యం ఆ రోజుకు ఉండాలని ఆమె చెప్పింది. కిలోలు మనిషి చేతిలో ఉండవు. ఈ రోజు నడిచామా లేదా అన్నది చేతిలో ఉంటుంది.

మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త రోజు ఒకటి సాయపడుతుంది. పుట్టినరోజు తరువాత, వారం మొదట్లో, నెల మొదట్లో జనం వ్యాయామశాలలకు ఎక్కువగా వెళ్తారని హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు. మనకు ఉగాది ఉంది, బిడ్డ మొదటిసారి బడికి పోయే రోజు ఉంది. ఐతే ఆ రోజు మొదటి అడుగు వేయించగలదు గాని నలభయ్యో రోజున లేపి నడిపించలేదు. నలభయ్యో రోజున నడిపించేది అప్పటికే ఉన్న పని. బిడ్డను బడిలో దింపి తిన్నగా ఇంటికి రాకుండా చెరువుకట్ట దాకా వెళ్లి వచ్చే తల్లికి ప్రత్యేకమైన పట్టుదల అక్కర్లేదు, బడి ఉన్నన్నాళ్లూ నడక ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున కాస్త చురుగ్గా నడిస్తే సరిపోతుంది. ఈ నడక కొన్నాళ్లు సాగాక ఇష్టం దానంతట అదే వస్తుంది.

రెండోసారి లక్ష్యం చిన్నది పెట్టుకోవాలి. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా రక్తపోటులో, షుగరులో మేలు కనిపిస్తుంది. కాటా దొరకనిచోట నడుము చుట్టుకొలత చాలు. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటకూడదు. కుట్టు టేపు ప్రతి ఊళ్లో ఉంటుంది. ఎంత నడిచినా బరువు పెరుగుతూనే ఉంటే, విడవని నీరసం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. కాన్పు తరువాత వారాల తరబడి దిగులు, ఏడుపు వదలకపోతే డాక్టరుకు చెప్పాలి. అలాంటి మనసుతో ఉన్న మనిషికి తిండి సుద్దులు చెప్పకూడదు.

ఇక పళ్లెం. మెదక్ పల్లెల్లో మామూలు పళ్లెం చూస్తే నిండా అన్నం, మధ్యలో పప్పు, అంచున చెంచాడు కూర, కాస్త తొక్కు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీల రోజుకు బియ్యం, జొన్నలు లాంటి ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు. మన పళ్లెం దీనికి సరిగ్గా తలకిందులు. ఒకప్పుడు ఈ మెట్ట నేలల్లో జొన్నరొట్టె, గట్క ప్రధానం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక అన్నం పూటపూటా చేరింది. పేదల ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని తప్పు పట్టనక్కర్లేదు. జొన్నలో మంత్రమూ లేదు. 100 గ్రాముల జొన్నల్లో 334 కేలరీలు, బియ్యంలో 356. తేడా పీచులో ఉంది, జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో 3 గ్రాములకు లోపు. అన్నం ఎన్ని గరిటెలు పడిందో ఎవరూ లెక్కపెట్టరు, రొట్టెలైతే తినే మనిషికే లెక్క తెలుస్తుంది.

తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలోనూ, పురుషులలోనూ ప్రతి పది మందికి సుమారు ముగ్గురు అధిక బరువు ఉన్నవాళ్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే బరువు తగ్గాలనుకునే కోడలికి వేరుగా వండే కూర అత్తకూ కొడుకుకూ కూడా కావలసిందే. ఒకే పొయ్యి మీద రెండు వంటలు ఎన్నాళ్లో సాగవు. మీ ఇంట్లో కూర గిన్నె పెద్దది చేసి, అన్నం గిన్నె చిన్నది చేయండి. రోజూ ఒక అరగంట బిడ్డను మీరు ఎత్తుకుని, తల్లిని నడకకు పంపండి.