డయాలసిస్ బండి

విశాఖపట్నంలో మా ఆయన ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. ధమనినీ సిరనూ కలిపి కుట్టేస్తారు. ఆ సిర ఉబ్బి, డయాలసిస్ సూదులు పొడవడానికి పనికొచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కుడిచేతి వాటం వాళ్లకి మామూలుగా ఎడమ చేతికే పెడతారు. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, ఇంజెక్షన్ చేయించుకోకూడదు, గడియారం కూడా పెట్టుకోకూడదు. ఇవన్నీ మాకు శ్రద్ధగా చెప్పారు. మన బండ్లకి గేరు వేసేది ఎడమ చేత్తోనే. ఆయన వ్యాను డ్రైవరు. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుంటుంటే ఏం ఆలోచిస్తున్నారో నాకు అర్థమైంది.

మాది సోంపేట మండలంలో ఒక పల్లె. నేను అంగన్‌వాడీలో పని చేస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా కొబ్బరి తోటలో చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే అయిదారేళ్లు కావాలి. అందాకా తినేదేమిటని, అప్పు చేసి పాత మారుతీ ఓమ్నీ వ్యాను కొన్నాం. పెళ్లిళ్లకీ, స్టేషన్‌కీ, ఆస్పత్రులకీ తిప్పేవారు. ఆస్పత్రి కిరాయిలే ఎక్కువ. ఉద్దానంలో బండి ఉన్నవాడికి ఆస్పత్రి కిరాయి తగలని వారం ఉండదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా ఇంటింటి మాట. నీళ్లన్నారు, పురుగు మందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయే కష్టమన్నారు. ఎందరో వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లారు. ఇదీ కారణం అని తేల్చి చెప్పగలిగినవాళ్లు ఇంకా లేరు. ఊళ్లో ఎందరినో ఆయనే డయాలసిస్‌కి దించి, నాలుగు గంటలు బయట కాచుకుని, మళ్లీ ఎక్కించుకుని తెచ్చారు. అలా తెచ్చిన మనిషే ఒకనాడు కాళ్లు వాచి, వాంతులు ఆగక కూలబడ్డారు. ఫిస్టులా తయారయ్యేదాకా ఆగే స్థితి కూడా లేక, మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు.

డయాలసిస్ అంటే జనం మిషను గురించే మాట్లాడతారు. మిషను వచ్చింది, బెడ్లు పెరిగాయి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి మా మండలాలకి పైపుల్లో తెచ్చారు. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. ఇవన్నీ మంచివే, మేం వాడుకుంటున్నవే. ఇంటి గడప నుంచి ఆ మంచం దాకా వారానికి మూడుసార్లు మనిషిని చేర్చేదెవరన్నది మాత్రం ఇంట్లో వాళ్లే తేల్చుకోవాలి. 108కి ఫోను చేస్తే వస్తుంది, అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు. వారానికి మూడుసార్లు, ఏళ్ల తరబడి వెళ్లేదానికి అది రాదు. మాకు దొరికింది చివరి షిఫ్టు. ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. ఆ వేళప్పుడు మా ఊరి వైపు బస్సుండదు. ఆటోవాడు రెండింతలు అడుగుతాడు, వాడిదీ తప్పు కాదు, ఖాళీగా తిరిగి పోవాలి. డ్రైవర్ని పెట్టుకుంటే పింఛనులో సగం అతనికే. మరిది హైదరాబాద్‌లో మేస్త్రీ పని, కొడుకు ఇంకా హైస్కూలు. నాలుగు గంటలు రక్తం బయటికెళ్లి శుద్ధై లోపలికొచ్చాక ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. డయాలసిస్ రోజున స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. వ్యాను మా వాకిట్లోనే ఉంది. నడిపేవాడూ మా ఇంట్లోనే ఉన్నాడు. మేం మాత్రం రోడ్డు మీద ఆటో కోసం నిలబడేవాళ్లం.

నేను నేర్చుకుంటానని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు సైకిల్ వచ్చు. స్కూటీ కూడా రాదు.

ముందు డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఆ కారులో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. భద్రత కోసమే అవి. నేను కాలు ఎత్తేలోగా అతని కాలు పని చేసేసేది. బండి వెళ్తోంది, నేను స్టీరింగ్ పట్టుకున్నాను, అంతే. కోర్సు అయిపోయింది, మా వ్యాను ఎక్కాను, అంగుళం కదల్లేదు. దబ్బున ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పితే మళ్లీ అదే. క్లచ్ అన్నది అసలు నా కాలికి తెలియనే లేదు.

అప్పుడు ఆయనే నేర్పుతానన్నారు. లెర్నర్ లైసెన్స్ ఉన్నవాళ్ల పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలని చట్టం. ఆయన లైసెన్స్ ఇంకా చెల్లుతోంది. తెల్లారి, కోతలైపోయి ఖాళీగా ఉన్న కళ్లంలోకి బండి తోసుకెళ్లేవాళ్లం. ఇంజిను ఆన్ చేసి తీసుకెళ్లమంటే ఆయనకి అది ఒక నిమిషం పని. అయినా తను డ్రైవరు సీట్లో కూర్చోలేదు. మొదటిరోజే ఎడమ తలుపు తీసుకుని, అటు వైపు ఎక్కి కూర్చున్నారు. ఆ బండి కొన్నప్పట్నుంచి ఆయన అటు వైపు కూర్చోగా నేను చూడలేదు. సీటు వెనక్కి వాలి కళ్లు మూసుకుని, "కానీ" అన్నారు.

"యాక్సిలేటర్ ముట్టుకోకు. కిలచ్చి ఒక్కటే. మెల్లగ ఒగ్గు. బండి ఒణికినకాడ కాలు ఆపీ."

ఇంజిను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, చక్రం నిలిచి ఉంది, తిరిగేదాన్నీ నిలిచినదాన్నీ ఒక్కసారి కలిపితే ఇంజిను చచ్చిపోతుంది, మెల్లగా రాసుకుంటూ కలిస్తే చక్రం కూడా తిరగడం మొదలెడుతుంది అని నేల మీద రెండు పళ్లేల బొమ్మ గీసి చెప్పారు. అది బుర్రకి ఎక్కింది. కాలికి ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు పెడల్‌కి చుట్టుకుంటున్నాయని చుడీదార్‌లోకి మారాను. చెప్పులేసుకుంటే అడుగున ఏం జరుగుతోందో తెలియడం లేదని వట్టి కాళ్లతో కూర్చున్నాను. ఓమ్నీకి ఇంజిను మన సీటు కిందే. ఎండెక్కేసరికి కింద నుంచి సెగ. ఎడమ తొడ వణికిపోయేది. మోకాలు రాత్రుళ్లు నొప్పి. క్లచ్ ప్లేటు కాలిన కమురు వాసన వస్తే ఆయన మొహం నలుపెక్కేది, ప్లేటు మార్చాలంటే డబ్బు.

ఆయన అరిచేవారు. ఇంట్లో ఎన్నడూ గొంతెత్తని మనిషి. రెండు మూడు రోజుల విషం ఒంట్లో పెట్టుకుని, నోరు చేదై, దాహమేస్తే గుక్క లెక్కపెట్టుకు తాగాలి. సెగ కొట్టే బండిలో చెమటలు కారుతుంటే నీళ్ల సీసా వైపు చూసి తల తిప్పేసుకునేవారు. నేను కూడా ఆయన ముందు నీళ్లు తాగడం మానేశాను. ఒకసారి నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశాను.

"నా వల్ల అవదు మావా."

"ఎందుకవదు? ఎవులికి మాత్రం పుట్టంగానే వచ్చింది? తియ్యి, మళ్లీ తియ్యి."

పట్టు చిక్కింది మాత్రం ఇలా. ఫిస్టులా సరిగా పని చేస్తోందో లేదో రోజూ వేళ్లు పెట్టి చూడాలి. చర్మం కింద తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నటి ఝుం ఉంటుంది. అది ఆగిపోతే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. పొద్దున్న లేవగానే ఆయన చెయ్యి పట్టుకుని అది చూడటం నా పని. ఒకనాడు కళ్లంలో ఆయన, "ఇంటికాడ నా చెయ్యి సూస్తావు గదా, అలగే కాలితో సూడు" అన్నారు. కళ్లు ముందుకి పెట్టి, మనసు అరికాలి మీద పెట్టాను. పెడల్ పైకొస్తూ వస్తూ ఒకచోట ఆ ఝుం అరికాలికి తగిలింది. అక్కడే ఆపాను. బండి తనంత తానే కదిలింది. యాక్సిలేటర్ లేదు, కుదుపు లేదు. కళ్లం ఆ చివరిదాకా మొదటి గేరులో పోయింది. ఆయన ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి.

లెర్నర్ తీసుకున్నాక 30 రోజులకి పక్కా లైసెన్స్ పరీక్షకి వెళ్లొచ్చు. ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గీసిన దారిలో ముందుకీ వెనక్కీ తీశాను, పాసయ్యాను. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. కళ్లంలో ఏడ్చినదాని ముందు అది లెక్కలోది కాదు.

అసలు పరీక్ష ఆ తరవాత వచ్చిన అక్టోబరులో ఎదురైంది. ముసురు పట్టిన రాత్రి. ఆయన్ని ఎక్కించుకుని వస్తున్నాను. హౌరా–చెన్నై లైను మీద రైల్వే గేటు దాటి కొంత దూరం వచ్చాక వెనక సీట్లోంచి మాట ఆగిపోయింది. అద్దంలో చూస్తే తల ఒరిగి ఉంది. బండి పక్కకి తీసి చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట. కళ్లు తెరుస్తున్నారు గాని మాట రావడం లేదు. సీటు మీద పడుకోబెట్టి, కాళ్ల కింద బట్టల సంచీ పెట్టి ఎత్తు చేశాను. ఆస్పత్రికి ఫోను చేస్తే, వెనక్కి తెచ్చేయమ్మా, సెలైన్ పెడతాం అన్నారు. ఇంటికంటే అదే దగ్గర.

వెనక్కి తిప్పాలి. రోడ్డు సన్నం, రెండు పక్కలా నీళ్లు నిండిన కాలవ, వెలుతురు లేదు. లైసెన్స్ పరీక్షలో తప్ప, అంతవరకు నా పక్కన ఆయన గొంతు లేకుండా నేను రివర్స్ వేసింది లేదు. ముందుకి కొంచెం, బ్రేకు, రివర్స్, వెనక్కి జానెడు, బ్రేకు. వెనక టైరు కాలవ గట్టు మట్టిలోకి దిగితే ఇక అంతే. ఝుం తగిలినచోట కాలు ఆపి, జానెడు జానెడుగా తిప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి వేసేశారు. గేటుమ్యాన్‌ని బతిమాలాను. అతను పాపం దగ్గరికొచ్చి లోపలికి టార్చి వేసి చూశాడు. బండ్లు రెండున్నాయి, సిగ్నలిచ్చేశాక తియ్యకూడదమ్మా అన్నాడు. ఒక గూడ్సు, తరవాత ఎక్స్‌ప్రెస్. గూడ్సు పెట్టెలు తెగవు. వెనక్కి తిరిగి ఆయన చేతి మీద వేళ్లు పెట్టి చూశాను, ఉంది. అంతకంటే చేయగలిగింది లేదు.

గేటు లేచింది. పట్టాలు ఎత్తు మీద ఉంటాయి, ముందు చిన్న ఎక్కుడు. వెనక లారీ హారను కొడుతోంది. కాలు తడి, పెడల్ జారింది, బండి ఆగిపోయింది. వెనక్కి దొర్లడం మొదలెట్టింది. హ్యాండ్ బ్రేకు లాగాను. తాళం తిప్పాను. మొదటి గేరు. హ్యాండ్ బ్రేకు పట్టుకునే క్లచ్ వదులుతూ వచ్చాను, బండి ముక్కు ఎత్తి వణికినప్పుడు బ్రేకు దించాను. ఎక్కింది. పట్టాల మీద గేరు మార్చకూడదని ఆయన ఎన్నోసార్లు చెప్పారు, నడిమధ్యలో ఆగిపోతే తీసుకోలేం. ఇంజిను గోలపెడుతున్నా మొదటి గేరులోనే అవతలికి దించి, అప్పుడు రెండో గేరు వేశాను.

సెలైన్ పెట్టాక నెమ్మదిగా బీపీ లేచింది. తెల్లారి మాట వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "గేటుకాడ ఏ గేరులో దాటినావు?"

ఇప్పుడు డయాలసిస్ రోజుల్లో నేనే తీస్తాను. పక్క ఊళ్ల నుంచి ఇంకో ఇద్దరు ఎక్కుతారు, పెట్రోలు తలా కొంత వేసుకుంటాం. డయాలసిస్ లేని రోజు, ఒంట్లో బాగుంటే, ఆయన సోంపేట సంత దాకా తనే నడుపుతారు. ఫిస్టులా చెయ్యి మానాక గేరు వేయడానికి అడ్డు లేదన్నారు డాక్టరు. నేను ఎడమ వైపు కూర్చుంటాను.

మా వైపు ఆడవాళ్లకి ఒకటి చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇంట్లో మనిషికి క్రియాటినిన్ పెరుగుతోందని, ఫిస్టులా పెట్టాలని డాక్టరు చెప్పినరోజే లెర్నర్ లైసెన్స్‌కి పెట్టండి. మాకు గొట్టం వేసి మొదలుపెట్టాల్సి వచ్చింది కాబట్టి అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. మీకు ఆ సిర తయారవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు దొరుకుతాయి. లైసెన్స్‌కి 30 రోజులు చాలు. బండి లేకపోతే ఊళ్లో ఎవరిదైనా అడగండి, మా ఓమ్నీ అయినా ఇస్తాను, కళ్లం కోతలైపోయాక ఖాళీగానే ఉంటుంది. చీర వద్దు, చెప్పులు వద్దు. మొదటి వారం యాక్సిలేటర్ జోలికి పోకండి.